ఏరువాక దాకా ఆగండి

మొన్న ఎండాకాలం ఒక సోమవారం పొద్దున్న కాఫీ తాగుతుంటే మా కాలనీ పార్కు వైపు నుంచి గునపం చప్పుడు వినిపించింది. గ్లాసు గట్టు మీద పెట్టేసి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరుగెత్తాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, మోకాళ్ళకి రెండు పూటలా నూనె రాసుకునే మనిషిని, ఎలా పరుగెత్తానో ఇప్పటికీ నాకు తెలియదు. వెళ్ళేసరికి ఇద్దరు కూలీలు నా గోరింట కంచెలో ఎనిమిది మొక్కలు పీకి పక్కన పడేసి, తొమ్మిదోదాని మొదట్లో గునపం దించుతున్నారు. పక్కన కుర్చీ వేయించుకుని అప్పలరాజు గారు కూర్చున్నారు. ఆయన ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా కాలనీ సంఘానికి కార్యదర్శి. మంచివారే. కానీ ప్రపంచంలో ఏ సమస్యకైనా ఇనుమూ సిమెంటే మందని నమ్మే మనిషి.

"రండి టీచరు గారూ, మీకే ఫోన్ సేద్దామనుకుంటన్నాను. మీ కంచె పాపం ఎండిపోనాది. ఒక్క ఆకైనా నేదు సూడండి. ఇదంతా తీయించీసి ఇనప గ్రిల్లు ఏయించీద్దాం, మరి బెంగుండదు," అన్నారు.

నేను కూలీ చేతిలో గునపం లాక్కుని దూరంగా పెట్టి, పీకి పడేసిన మొక్క ఒకటి తీసి, బొటనవేలి గోరుతో బెరడు గీకాను. లోపల పచ్చగా ఉంది. ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చూశారు. "పచ్చగా ఉన్నాదే," అన్నారు మెల్లగా. "ఉండదా మరి? అది చావలేదండీ, నిద్రపోతోంది. ఏరువాక దాకా ఆగండి. అప్పటికి ఆకు వెయ్యకపోతే నేనే దగ్గరుండి పీకిస్తాను," అన్నాను. దానికి ఆయన అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "ఏరువాకంటే ఏ తారీకండీ?" అని. ఆయనది రామతీర్థం పక్కన పల్లెటూరు. తండ్రి నాగలి పట్టిన రైతు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై రెండేళ్ళు అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతు నాది, అది ఊరికే పోలేదు. "జ్యేష్ఠ పున్నమి. ఇంటికెళ్ళి క్యాలెండరు చూసుకోండి," అని నేను అరిచిన అరుపుకి పార్కులో నడుస్తున్నవాళ్ళంతా ఆగిపోయారు. ఆయన కూలీల్ని పంపేశారు. పంపేస్తూ, ఏరువాక మర్నాడు మాత్రం ఇంక ఎవరి మాటా విననని గట్టిగానే చెప్పారు.

ఇంటికొచ్చి చల్లారిన కాఫీ తాగుతుంటే మా ఊరి పెరడు గుర్తొచ్చింది. అచ్చం ఇదే గొడవ, ఇదే గోరింట మీద, పదేళ్ళ వయసులో నేను ఒకసారి చూశాను. ఇదే గోరింట అని ఊరికే అనడం లేదు. మా కాలనీ కంచెకి కొమ్మలు మా పుట్టింటి కంచె నుంచి నేను తెచ్చి నాటినవే. ఆ తల్లి కంచె ఎలా నిలబడిందో, ఎవరు నిలబెట్టారో ఇన్నాళ్ళూ రాయలేదు. గెలిచిన సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ సిగ్గు లేదు.

మా ఊరు పాతపట్నానికి దగ్గర. కొండ కనిపించేది, కొండ అవతల ఒడియా ఊళ్ళు. ఇంటి వెనక బావి, బావి దాటాక అమ్మ పెరడు. వంగ, బెండ, గోగుకూర, పందిరి మీద ఆనప, బీర, చలి మొదలయ్యాక చిక్కుడు. మా అమ్మ ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. నాన్న ఒకటంటే సరే, నానమ్మ ఒకటంటే సరే. సాయంత్రం అంట్లు తోముకున్నాక, పొయ్యి రాజేసే ముందు, గంటసేపు పెరట్లోకి వెళ్ళేది. అక్కడ ఆమె గొంతు వినిపించేది. బీర పాదుని మందలించేది, పూత రాల్చిన వంగ మొక్కని బతిమాలేది, ఆనపకాయని తట్టి "రేపు కోస్తానే" అని చెప్పేది. నేను తడిక చాటున నిలబడి వినేదాన్ని. ఇంట్లో అందరికీ కూర ఆ పెరటిలోదే అన్నది ఒక సంగతి. అమ్మకి నోరున్న చోటు ప్రపంచంలో అదొక్కటే అన్నది ఇంకో సంగతి. ఈ రెండోది నాకు ఒక్కదానికే తెలుసని అప్పుడు అనుకున్నాను.

ఆ పెరటికి రెండు వైపుల ముళ్ళకంప దడి ఉండేది. ప్రతి ఏడూ నాన్న కొండ మొదలుకి వెళ్ళి రేగు కంప, తుమ్మ కంప కొట్టి, మోపులు కట్టి, నెత్తిన మోసుకొచ్చి కట్టేవాడు. పది పన్నెండు రోజుల పని. చేతులు, వీపు గీరుకుపోయి రాత్రి స్నానం చేస్తే మంట పుట్టేది. వానలు తగ్గేసరికి కిందంతా చెద తినేసేది. కార్తీకంలో ఒకరోజు పొరుగింటి గేదె ఒకటి మూతితో ఆ కంపని తోసుకుని లోపలికొచ్చి, వంగ మడి మొత్తం మేసి, వెళ్తూ వెళ్తూ ఆనప పందిరి కూల్చి పోయేది. ప్రతి కార్తీకం అదే గేదె. దానికి తిథి ఎలా తెలిసేదో గాని, తప్పేది కాదు. ఆ ఏడు అది వచ్చి వెళ్ళాక నాన్న గుమ్మంలో చతికిలబడి అన్నాడు. "ఇంక నా వల్ల గాదు. ఈ కంప మొయ్యనేను. పెరడు ఎత్తీసి కల్లం సేసీస్తాను. నూర్పులకి దగ్గరగా ఉంటాది." అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో చోడి అంబలి గిన్నె. అది నాన్న ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మాట్లాడింది నానమ్మ. మా నానమ్మ చుట్ట అడ్డపొగ తాగేది, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. మా వైపు ముసలమ్మలకి అదో లెక్క కాదు. చుట్ట నోట్లో ఉన్నంతసేపు ఆమె మాట ఎవరూ పట్టించుకోనక్కర్లేదు, చుట్ట బయటికి తీసిందంటే మాత్రం ఇంట్లో అందరూ వినాల్సిందే. అప్పుడు తీసింది. "ఒరే సింహాద్రీ, సచ్చిన కంప ఏస్తే సెద తింటాది. బతికున్న కంచె ఏస్తే సెద ఏటి తింటాది? గోరింట ఏద్దాం. పసువు మూతి ఎట్టదు, ముదిరితే కొమ్మ కొన ముల్లవుతాది. ఒక్క ఏడు ఓరుసుకో." నాన్న నవ్వాడు. గోరింట ఆడవాళ్ళ చేతులకి గాని కంచెకి పనికొస్తుందా అన్నాడు. "ఎయ్యడానికి నీ సెయ్యి అక్కర్నేదులే. నానూ, ఈ గుంటా ఏస్తాం," అని నానమ్మ నా వైపు చూపించింది. నా పేరు పైడితల్లి అయినా ఆమెకి నేను ఎప్పుడూ గుంటనే, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. నాన్న నాటినప్పటి నుంచి ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఒక్క ఏడాదిలో పెరటికి కంచె నిలవాలి, లేకపోతే కల్లం.

తొలకరి పడగానే మొదలుపెట్టాం. బావి దగ్గర ఉన్న పాత గోరింట చెట్టు నుంచి, ఊళ్ళో నాలుగిళ్ళ నుంచి, చూపుడువేలంత లావు కొమ్మలు కోసుకొచ్చాం. జానెడు పొడుగు ముక్కలు. కింది వైపు ఏటవాలుగా, పై వైపు తిన్నగా కొయ్యాలి. అలా కొయ్యకపోతే నాటేటప్పుడు ఏది తలో ఏది కాలో తెలియక తలకిందులుగా పాతేస్తామని నానమ్మ చెప్పింది. వాటిని తడి గోనెపట్టాలో చుట్టి, తాగే నీళ్ళ కుండ కింద చెమ్మలో రెండు రోజులు పడుకోబెట్టింది. ఆ గోనె వాసన, పచ్చి బెరడు వాసన, కుండ చెమ్మ వాసన కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. తరవాత తాడు పట్టి రెండు వరసలు, జానకొక్కటి, ఒక వరసలో మొక్క ఉన్నచోట రెండో వరసలో ఖాళీ వచ్చేలా. అన్నీ నేనే లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. దసరాకి నా మోకాలి ఎత్తు పెరిగాయి. ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళనీ చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను.

దసరా వెళ్ళిన మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నానమ్మ కత్తి పట్టుకుని అన్నిటినీ నరికేస్తోంది. నేల నుంచి బెత్తెడు మాత్రం ఉంచి పైదంతా కోసేస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను, కొరికాను కూడా. ఆమె నన్ను కొట్టలేదు. చుట్ట బయటికి తీసి, "పైకి పోనిస్తే పైకే పోతాది, కింద గేదె దూరినంత సందుంటాది. ఇప్పుడు కోస్తే మొదట్లో నాలుగు కొమ్మలు ఏస్తాది. కంచె బలం మొదట్లో ఉండాల. ఏడుపు సాలించి ఆ కొమ్మలు ఎత్తు," అంది. ఏడుస్తూనే ఎత్తాను. నెల తిరిగేసరికి ఒక్కో మొదలు నుంచి నాలుగైదు పిలకలు లేచాయి. నా పంటి గాటు మాత్రం ఆమె మణికట్టు మీద చాలాకాలం ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేది.

శివరాత్రి దాటాక అసలు కష్టం వచ్చింది. ఆకులు పసుపెక్కడం మొదలైంది. ఉగాదికి సగం రాలాయి. వైశాఖం వచ్చేసరికి మూడు వందల పన్నెండు మొక్కల్లో ఒక్కదానికి ఒక్క ఆకు లేదు. బూడిదరంగు పుల్లలు వరసగా నిలబడి ఉన్నాయి. నాన్నకే కాదు, ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు, చచ్చాయనే అనుకున్నారు. ఎందుకంటే మా ఊళ్ళో ప్రతి గోరింట చెట్టూ ఏ బావి దగ్గరో, స్నానాల రాయి పక్కనో ఉండేది. ఏడాది పొడుగునా నీళ్ళు తాగే చెట్లు అవి, పన్నెండు నెలలూ పచ్చగానే ఉండేవి. మెట్ట నేలలో గోరింట ఎండాకాలం ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు. తెలిసింది నానమ్మకి ఒక్కదానికే. ఆమె పుట్టిల్లు ఇసక మెట్టల ఊరు. "తొంగున్నాదిరా. వాన పడితే లెగుస్తాది. ఏరువాక దాకా ఆగు," అంది. నాన్న పుల్లల్ని కాలితో తోసి, "ఏరువాక దాకా ఆగుతాను. ఏరువాక సాయంత్రం పీకీస్తాను. పొయ్యిలోకైనా పనికొస్తాది," అన్నాడు.

నాకు ఆ మాట చాలదనిపించింది. నానమ్మ నీళ్ళు పొయ్యొద్దని గట్టిగా చెప్పింది, కానీ ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ చాపల మీద ఒరిగినప్పుడు, నేను అంట్లు కడిగిన కుడితి నీళ్ళు చెంబుతో తీసుకెళ్ళి మూల ఉన్న పది మొక్కలకి పోసేదాన్ని. వారం తిరిగేసరికి ఆ పదింటికీ గింజంత చిగుళ్ళు వచ్చాయి. సంతోషం పట్టలేక రాత్రి నిద్రపోలేదు. మూడో నాడు పడమటి వడగాలి వీచింది. రెండు రోజుల్లో ఆ చిగుళ్ళన్నీ నల్లగా మాడి, చేత్తో ముడితే పొడి అయిపోయాయి. నాన్న చూశాడు. "నీళ్ళోసినా బతకనేదు. మరేటి సూడాలి?" అన్నాడు. నా చేతులతో నేనే నాన్నకి సాక్ష్యం తయారుచేసి ఇచ్చాను. నానమ్మ తడి మట్టిని చూసి, నన్ను చూసి, చుట్ట తీసింది. "నిద్దరోయిన బిడ్డని లేపి వడగాల్లోకి తోలినావే గుంటా," అంది. అంతే. అంతకంటే తిట్టి ఉంటే బాగుండును. అమ్మ పెరడు నా వల్లే పోతుందని నాకు రూఢి అయిపోయింది. ఏరువాక దాకా ఆ పది రోజులూ అన్నం సయించలేదు.

ఏరువాక వచ్చింది, వాన రాలేదు. పొద్దున్న నాన్న ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగు పూసి, మెడలో దండ వేసి, నాగలికి పసుపు రాసి, ఆ పొడి నేలలోనే ఒక చాలు దున్ని వచ్చాడు. ఎడ్లకి పొంగలి పెట్టాడు, అన్నట్టే సాయంత్రం గునపం తీశాడు. ఒకటి, రెండు, మూడు. ఆ పుల్లలు నేల నుంచి వచ్చేటప్పుడు చేసిన చప్పుడు నాకు గుండెలో వినిపించింది. నానమ్మ అరుగు దిగేలోపు ఐదు పీకేశాడు. ఆరోదాని దగ్గర గునపం ఎత్తాడు. అప్పుడు బావి దగ్గర నుంచి అమ్మ వచ్చింది. తడి చేతులతో, కొంగు బొడ్లో దోపుకుని. పీకి పడేసిన మొక్క ఒకటి తీసి, దాని వేరు ఫట్‌మని విరిచి, నాన్న కళ్ళ ముందు పెట్టింది.

"సూడు. తెల్లగా, తడిగా ఉన్నాది. ఇన్నేళ్ళు ఎవసాయం సేసినావు, సచ్చినదానికి ఏరు ఇలాగుంటాదా?"

పెళ్ళయ్యాక అమ్మ నాన్నని ఎదురడిగిన మొదటి ప్రశ్న అదేనని నానమ్మ తరవాత చెప్పింది. నాన్న రైతు కదా, వేరు చూసి అబద్ధం ఆడలేడు. ఆయన తేరుకోకముందే నానమ్మ అందుకుంది. "ఏరువాక నాడు పచ్చేరు తెంపినావు, ఎడ్లకి అరిష్టం. ఇంకోటి ముట్టినావంటే నానూరుకోను." ఆ ఆచారం మా ఊళ్ళో ఉందో లేదో నేను తరవాత చాలామందిని అడిగాను. అలాంటిది ఎప్పుడూ వినలేదన్నారు. నానమ్మ అక్కడికక్కడ కల్పించిందని నా నమ్మకం. నాన్న మాత్రం ఎడ్ల వైపు ఒకసారి చూసి, గునపం భుజాన వేసుకుని, "వాన పడ్డాక సూస్తాను," అని వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళి సగం కడిగిన గిన్నె తోముకుంది.

వాన నాలుగో రోజు పడింది. రోజంతా పడింది, మర్నాడూ పడింది. మూడో రోజు పొద్దున్న నేను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వెళ్ళేసరికి పుల్లల మీద ప్రతి కణుపు దగ్గరా ఎర్రటి చుక్కలు. సాయంత్రానికి అవి విచ్చుకుని రెండేసి ఆకులయ్యాయి. వారానికి ఆ బూడిదరంగు వరస మొత్తం లేత పచ్చగా మారిపోయింది. నేను ఈ చివర నుంచి ఆ చివరికి అరుచుకుంటూ పరుగెత్తాను, వెనక్కి వచ్చి మళ్ళీ పరుగెత్తాను. నేను నీళ్ళు పోసి చెడగొట్టిన పది కూడా, మిగతావాటికంటే పది రోజులు వెనకబడి, లేచాయి. అవి లేచిన రోజు నానమ్మ నన్ను పిలిచి చూపించింది. రెండు రోజుల తరవాత చూస్తే నాన్న పీకిన ఖాళీలో ఐదు కొత్త కొమ్మలు పాతి ఉన్నాయి. వరస వంకరగా ఉంది. తాడు పట్టకుండా నాటినవని చూడగానే తెలిసింది. అమ్మ వాటిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడో ఏటికి కంచె నడుము ఎత్తు వచ్చింది, చెయ్యి దూరనంత చిక్కబడింది. కార్తీకంలో గేదె తన తిథి ప్రకారం వచ్చింది. నేనూ నాన్నా ఇద్దరం చూస్తున్నాం. మూతి పెట్టింది, తోసింది, ముక్కుకి ముల్లు గుచ్చుకుందేమో పెద్దగా తుమ్మింది, కాసేపు నిలబడి ఆలోచించి వెళ్ళిపోయింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. నా బతుకులో బహుమతులు కొన్ని వచ్చాయి, దండలూ పడ్డాయి. ఆ చెయ్యి బరువు వాటికి లేదు.

కంచె పెరిగాక కత్తిరింపు పని మొదలైంది. ఏటా కొయ్యకపోతే పైకి పోయి కింద పలచబడుతుంది. దానికి నానమ్మ వేసిన ఎత్తు చూడండి. ఆషాఢం వస్తే ఊళ్ళో ఆడపిల్లలంతా గోరింటాకు కోసం మా కంచె మీద పడేవారు. ఆకు దూసుకుపోతే కొమ్మ చీలిపోతుంది. నానమ్మ కంచె పొడుగునా నడుము ఎత్తున తాడు కట్టించి, అరుగు మీద కూర్చుని చెప్పేది. "తాడు పైనున్నదంతా మీది. కత్తితో కోసుకోండి, దుయ్యకండి. తాడు కింద ఆకు ముట్టుకున్నారా, సెయ్యి కాదు, ఈపు ఎర్రబడతాది." రెండు రోజుల్లో ఊరి ఆడవాళ్ళంతా కలిసి మా కంచెని తాడు పెట్టి గీసినట్టు కోసి, ఆ కోసినందుకు మాకే దండం పెట్టి వెళ్ళేవారు. కూలి మనిషి అక్కర్లేకుండా ఏటా పని అయిపోయేది. సాయంత్రం రోటి దగ్గర ఆకు నూరే చప్పుడు ప్రతి ఇంట్లో వినిపించేది. అలా మూడో ఏడు నాన్న నా ముందు కూర్చుని, ఎటో చూస్తూ, చిటికెన వేలు చాపాడు. పెట్టాను. ఎర్రగా పండింది. పాతపట్నం సంతలో ఆ వేలు చూపించి, "నాను కంచె ఏసినాను, సూడ్డానికి రండి," అని చెప్పుకునేవాడట. పాతికేళ్ళు అలాగే చెప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అమ్మతో అన్నాను, నాన్న వేసింది ఐదే కదా అని. అమ్మ బీర పాదు సర్దుతూ, "అననీయే. పీకుతానన్న మనిషి నాదంటన్నాడు, ఇంకేటి కావాల?" అంది.

ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పను. అమ్మ నీళ్ళు తోడి తోడి నడుము వంగిపోయింది, నానమ్మ ఊపిరి చుట్టలకే పోయింది, నాన్న కోపానికి ఇంట్లో కంచాలు సొట్టలు పడేవి. కానీ ఆ కంచె మీదుగా మాకు పెరుగు వచ్చేది, మా చిక్కుడుకాయలు అటు వెళ్ళేవి, గేదె ఈనిన సంగతి అందరికంటే ముందు మాకే తెలిసేది. గేదె తప్ప అన్నీ దాటేవి. ఇప్పుడు మా కాలనీ భోగాపురం రోడ్డు మీద ఉంది. విమానాశ్రయం వచ్చాక ప్రతి స్థలం చుట్టూ ఆరడుగుల గోడ లేచింది. పక్కింటావిడ పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అందుకే మూడేళ్ళ కిందట పార్కుకి గోడ వద్దని కాలనీ సమావేశంలో దెబ్బలాడి, ఊరి నుంచి గోనెలో కొమ్మలు తెచ్చుకుని, కుండ లేదు కాబట్టి ఫిల్టరు కింద చెమ్మలో పడుకోబెట్టి, తాడు పట్టి నాటుకున్నాను. దసరాకి బెత్తెడు ఉంచి కోశాను కూడా. అప్పుడు పిల్లలు నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు. మొదటి రెండు ఎండాకాలాలు మునిసిపాలిటీ కుళాయి కారి నేల చెమ్మగా ఉండడంతో ఆకు రాలలేదు. ఈ ఏడు కుళాయి బాగుచేశారు. అదీ జరిగింది.

ఈసారి వాన నన్ను ఏడిపించలేదు. ఏరువాకకి నాలుగు రోజుల ముందే కుండపోతగా కురిసింది. ఏరువాక పొద్దున్న ఆరింటికి ఫోను మోగింది. "టీచరు గారూ, ఓసారి పార్కుకి రండి," అన్నారు అప్పలరాజు గారు. గొంతు అదోలా ఉంది. మళ్ళీ గునపమేమోనని ఈసారీ చెప్పులు లేకుండానే వెళ్ళాను. ఆయన పంచె ఎగ్గట్టి కంచె ముందు గొంతుక్కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కణుపు కణుపునీ చూస్తున్నారు. "మా నాన్న ఈపాటికి ఎడ్లు కడిగీసి ఉండును," అన్నారు. కంచె పొడుగునా ఎర్రటి చుక్కలు. నేను గెలిచాను. ఆ మాట పైకే అన్నాను. మా నానమ్మ గెలిచింది, మా అమ్మ గెలిచింది, వినండి అన్నాను. ఆయన విన్నారు.

ఆషాఢంలో కాలనీ ఆడవాళ్ళంతా కత్తెరలు పట్టుకుని వచ్చారు. నేను తాడు కట్టి, బెంచీ మీద కూర్చుని, నానమ్మ బెదిరింపు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. అన్ని బ్లాకుల నుంచి వచ్చినవాళ్ళూ పడీపడీ నవ్వారు, కానీ తాడు కింద ఆకు ఎవరూ ముట్టుకోలేదు. కొమ్మలు కోస్తూ ఒకరి పేర్లు ఒకరు అడిగి తెలుసుకున్నారు.

పోయిన వారం పార్కు బెంచీ మీద కూర్చున్నాను. అప్పలరాజు గారు ఎవరో బంధువులకి కాలనీ చూపిస్తున్నారు. కంచె దగ్గర ఆగారు. "ఎండాకాలం ఆకు రాలిపోతాది, సచ్చిపోయిందనుకుంటారు అందరూ. తొంగున్నాదంతే. ఏరువాక దాకా ఆగాల. మేం ఏసేటప్పుడే ఇదంతా ఆలోసించినాం," అంటున్నారు. ఒళ్ళు మండుతుందేమోనని ఒక నిమిషం చూసుకున్నాను. మండలేదు. ఆయన కూలీలు పీకిన ఎనిమిది మొక్కల ఖాళీ అలాగే ఉంది. లేచి ఇంటికి వెళ్ళి, ఆ ఖాళీ పూడ్చడానికని ఫిల్టరు కింద గోనెలో చుట్టి పెట్టుకున్నవాటిలో ఎనిమిది కొమ్మలు తెచ్చి, బంధువుల ముందే ఆయన చేతిలో పెట్టాను. "ఏటవాలుగా కోసింది కిందికి," అని మాత్రం చెప్పాను. తాడు ఇవ్వలేదు.

సాయంత్రం వెళ్ళి చూశాను. ఎనిమిదీ నాటారు. వరస వంకరగా ఉంది.